దొరబాబు కాల్చిన పలక

ఆ విశ్వవిద్యాలయంలో కొత్త పదార్థాలు తయారుచేసే పరిశోధన బృందానికి నేలమాళిగలో ఒక పొడవాటి గది ఉండేది. గదిలో వరసగా విద్యుత్ కొలిములు. వాటి పక్కనే ఎప్పుడూ చెమటతో కనబడే పరిశోధక విద్యార్థినిని అందరూ కొలిమి అని పిలిచేవారు. అలా పిలిస్తే ఆమెకు కోపం వచ్చేది కాదు. పనిని బట్టి వచ్చిన పేరే కదా అనుకునేది.

ఆమె తయారుచేసింది ఒక గాజు పలక. అరచేయంత ఉంటుంది, మీగడ రంగు. ఎర్రగా కాలినదాన్ని పట్టకారుతో తీసి చన్నీళ్ళలో ముంచినా పగలదు. అది కుదిరేదాకా ఆమె బకెట్లకొద్దీ పెంకులు ఎత్తి పారబోసింది. రెండు చేతుల మీదా కాలిన మచ్చలు మిగిలాయి.

బృందంలో ఆమెకంటే సీనియర్ ఒకడుండేవాడు. ఇస్త్రీ నలగని చొక్కా, తేనె పూసిన మాట. అందరికీ దొరబాబు. కొలిమికి పని వచ్చినంతగా రాత రాదు. "నువ్వు పలకల సంగతి చూసుకో. రాసేదీ చెప్పేదీ నేను చూస్తాలే" అన్నాడు. పెద్దవాడు, అన్నయ్యా అని పిలిచే మనిషి. నమ్మింది.

కొన్నాళ్ళకు ఆ పలకకు విద్యార్థి పరిశోధన పతకం వచ్చిందని తెలిసింది. ఇంటికెళ్ళి అక్కతో చెప్పింది. అక్క బట్టలు కుట్టే మనిషి. తల్లి పోయాక చెల్లెల్ని సాకింది ఆవిడే. కొలతలిచ్చే ప్రతివాళ్ళకూ "మా చెల్లెలికి పతకమండీ" అని చెప్పుకుంది. తనకోసం కొత్త జాకెట్టు కుట్టుకుని సభకు వచ్చింది.

వేదిక మీద ఒకాయన పలక గుణగణాలు చదువుతుంటే అక్క ఆగలేకపోయింది. పేరు చదవకముందే చప్పట్లు కొడుతూ సగం లేచింది. అప్పుడు దొరబాబు పేరు పిలిచారు. అతనొక్కడి పేరే. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా కూర్చుంది.

ఇంటికి తిరిగొస్తూ బస్సులో ఆవిడ ఒక్కటే మాటంది. "కుర్చీలు మెత్తగా బాగున్నాయే."

కొలిమి కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు బిగబట్టింది. పతకం పోయినా ఓర్చుకునేదేమో. అక్క అలా కూర్చోవడాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయింది.

మర్నాడు ఆ బృందాన్ని నడిపే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు. "ఎవరి పేరైతే ఏంటమ్మా, వచ్చే పేరు మన ల్యాబుకే కదా. నీకు పిల్లలతో మాట్లాడటం బాగా వచ్చు. స్కూళ్ళ కార్యక్రమాలు నువ్వు చూసుకో" అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. నడవలో 'మన విద్యార్థుల విజయాలు' అన్న బోర్డు మీద పలకతో దొరబాబు ఫోటో వెలిసింది. పక్కన నిలబడ్డ ఆమెను కత్తిరించేశారు. అంచున మోచేయి ఒక్కటే మిగిలింది.

అక్క నచ్చజెప్పబోయింది. "ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు."

"బోడిగుండంత సుఖం లేదనీ అంటారుగా. గీయించుకుంటావా?" అంది చెల్లెలు.

ఏటా ఒకరోజు బడిపిల్లల కోసం ల్యాబు తలుపులన్నీ తెరుస్తారు. ఆ ఏడు ఏర్పాట్లు కొలిమివే. బడులన్నిటికీ తనే తిరిగింది. పతకం ఇచ్చిన కమిటీ పెద్దల్ని కూడా తనే వెళ్ళి పిలిచింది. కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో వేయించింది: పతకం పొందిన పరిశోధకుడు స్వయంగా తయారుచేసిన పలకతో ప్రదర్శన. అది చూసి దొరబాబు మురిసిపోయాడు.

"పలకలు ఎక్కడున్నాయమ్మా?" అని అడిగాడు.

"అయిపోయాయి అన్నయ్యా. మీరే కాల్చేయండి. మీ పద్ధతే కదా."

అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఏమీ కనబడలేదు.

పలక కాల్చేటప్పుడు వేడి ఒక్కసారిగా పెంచకూడదు. మధ్యలో కొంతసేపు తక్కువ వేడి మీద నిలపాలి. గాజులోపల సన్నని స్ఫటికాలు నాటుకునేది అప్పుడే. పలకకు బలమంతా వాటివల్లే. దొరబాబుకు ఆ సంగతి తెలియదు. కొలిమి ఆ సమయంలో భోజనానికి వెళ్ళిరావడం అతను చాలాసార్లు చూశాడు. ఆ ఆగడమంతా ఆమె తిండి కోసమేనని అనుకున్నాడు. అనవసరమని తీసేశాడు.

ప్రదర్శనకు ముందురోజు అతను మీటలు నొక్కి వెళ్ళిపోయాక ఆమె వచ్చి చూసింది. విద్యుత్ కొలిమి ముందున్న తెర మీద వేడి ఆగకుండా ఎక్కిపోతోంది. ఇంకా మించిపోలేదు. ఒక్క మీట నొక్కితే సరిపోతుంది. ఆమె వేలు దాని దాకా వెళ్ళింది. కొత్త జాకెట్టులో కూర్చున్న అక్క గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని, లైటు ఆర్పి, మెట్లెక్కింది.

పిల్లలు మాత్రం ఆమెకు శత్రువులు కారు. ప్రదర్శన రోజు నీళ్ళతొట్టి ముందు మందపాటి పారదర్శక కవచం నిలబెట్టించింది. అందరికీ రక్షణ కళ్ళద్దాలు పెట్టించింది. వరసల్ని నాలుగడుగులు వెనక్కి జరిపింది. ముందు కుర్చీల్లో కమిటీ పెద్దలు, ప్రొఫెసర్ కూర్చున్నారు.

దొరబాబు బాగానే మాట్లాడాడు. ఎర్రటి పలకను పట్టకారుతో పైకెత్తి చూపించాడు. నీళ్ళలో ముంచాడు.

ఫట్‌మని పేలింది. ముక్కలు కవచానికి తగిలి గలగల రాలాయి. గది నిండా ఆవిరి కమ్మింది.

ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "అంకుల్, పగలదన్నారు కదా. ఎందుకు పగిలింది?"

"అదీ... కొలిమి సరిగా పనిచేసి ఉండదమ్మా. కాల్చడం అదీ ఈ అక్క చూసుకుంటుంది" అన్నాడు చేత్తో చూపిస్తూ.

"మరి ఇందులో మీరే చేశారని ఉందిగా" అని ఆ పిల్ల కరపత్రం ఎత్తి చూపింది.

తేలు కుట్టిన దొంగలా అతను పట్టకారు కింద పెట్టాడు. ప్రొఫెసర్ కంగారుగా కొలిమి వైపు తిరిగాడు. "ఏమైందో నువ్వు చెప్పమ్మా."

ఆమె గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది. "పతకం తీసుకున్నవాళ్ళని అడగండి సార్."

దొరబాబు మెడ మీద చెమట పట్టి, నలగని కాలరు తడిసిపోవడం ఆమె తీరిగ్గా చూసింది. లోపల ఏదో చల్లబడింది. ఆ చల్లదనాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కమిటీ వాళ్ళు విషయాన్ని అక్కడితో వదల్లేదు. ఇద్దర్నీ విడివిడిగా, తమ కళ్ళముందే పలకలు కాల్చమన్నారు. అతనిది మళ్ళీ పగిలింది. ఆమెది పగల్లేదు. పతకం వెనక్కి తీసుకుని ఆమెకిస్తామన్నారు. పాత ఫోటో ఊడదీశారు. ప్రొఫెసర్ పిలిచి, జరిగిందేదో జరిగిపోయింది, ఇక మరిచిపోదామన్నాడు.

"మరిచిపోవడానికి అభ్యంతరం లేదు సార్. ఆ రోజు నాకేం చెప్పారో, పతకమిచ్చే సభలో మీ నోటితో చెప్పండి. ముందు వరసలో మా అక్క ఉంటుంది."

ఆయన చెప్పాడు. తల దించుకునే అయినా, చెప్పాడు. పతకం చేతికొచ్చాక ఆమె ఆయన బృందంలో ఒక్క వారం కూడా ఉండలేదు. పై అంతస్తులోని మరో బృందానికి మారిపోయింది.

సామాను సర్దుకుంటుంటే దొరబాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది.

"నేను తప్పు చేశాను, కాదనను. కానీ ముందురోజు నువ్వు కొలిమి తెర చూసే ఉంటావు కదా?"

"చూశాను."

"ఒక్క మాట చెప్తే పోయేది కదా. ఇప్పుడు నన్ను ఎవరూ చేర్చుకోవట్లేదు."

"నువ్వు అడిగుంటే మొదట్లోనే నేర్పేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగావా?"

ఆమె పెట్టె ఎత్తుకుంది. అతను పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

ఆ సాయంత్రం అక్క మిషను ఆపి, సూదిలో దారం ఎక్కిస్తూ అంది. "ఆ అబ్బాయిని తలుచుకుంటే జాలేస్తోందే."

"నీకు వెయ్యనీ అక్కా. నీది మంచి మనసు."

"నీకు వెయ్యట్లేదా?"

కొలిమికి అక్కతో అబద్ధం చెప్పడం అలవాటు లేదు.

"లేదు" అంది. "ఆకలేస్తోంది. వడ్డించు."