కేకకు లైసెన్సు

మెట్‌పల్లి అవతల ఓ చిన్న మార్కెట్ యార్డు ఉంది. పసుపు సీజన్ వస్తే అక్కడ పాట పెట్టేది కోమల. పాట పెట్టడమంటే తెలిసిందే కదా! రైతు పోసిన రాశి ముందు నిలబడి, ఖరీదుదార్లను ఎగదోసి, ఒకరి మీద ఒకరిచేత ధర చెప్పించి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని తెంపేయడం. ముప్పై ఏళ్ళు ఆ పని ఆమె తండ్రి అంతయ్య చేశాడు. రెండేళ్ళ కింద ఆయన జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, సీజన్ నడుమ ఇంకెవరూ దొరక్క రైతుల సరుకు అమ్మించే అడ్తి సేటు సాంబయ్య కోమలను నిలబెట్టాడు. మొదటిరోజు అందరూ నవ్వారు. మూడోరోజుకు నవ్వులు బందయ్యాయి. అబ్బో, అదేం గొంతు! గేటు బయట చాయ్ తాగుతున్నవాళ్ళు కూడా గ్లాసులు వదిలేసి లోపలికి ఉరికొచ్చేవాళ్ళు.

ఇంట్లో కోమల మాటకు విలువ లేదు. మొగుడు టీవీ వైపు చూస్తూ ఊఁ కొడతాడు, అత్త అది కూడా కొట్టదు. యార్డులో మాత్రం ఆమె నోరు తెరిస్తే రెండు వందల మంది చెవులు రిక్కిస్తారు. సీజన్ నడిచే ఆ రెండు నెలల కోసమే మిగతా పది నెలలు బతుకుతున్నట్టుండేది ఆమెకు.

అలాంటిది, ఈ ఏడు సీజన్ మొదలవడానికి వారం ముందు, శనివారం నాడు, యార్డు గోడ మీద నోటీసు అంటించారు. వచ్చే శుక్రవారం నుంచి లైసెన్సు లేనివాళ్ళెవరూ యార్డులో పని చేయరాదట.

"కోమలా, నీకు లైసెన్సు ఉన్నదా?" అని అడిగాడు సాంబయ్య.

"పాట పెట్టెటందుకు లైసెన్సేంది సేటూ?"

"నాకేం ఎర్క? గోడ మీద రాసిన్రు. శుక్రవారం దాంక తెచ్చుకో. తేకపోతే మా బామ్మర్ది కొడుకు ఎంకటేశ్‌ను నిలబెడ్త. ఆని పేరు నా అడ్తి లైసెన్సుల ఉన్నది. మైకు గూడ కొన్నడు."

మైకట! కోమలకు ఒళ్ళు మండింది. కానీ సేటు మీద అరిచి లాభమేముంది, లైసెన్సు ఎక్కడ దొరుకుతుందో వెతకాలి గానీ.

యార్డు ఆఫీసుకు తాళం వేసి ఉంది, కొత్త క్లర్కు గురువారం గానీ రాడట. అందుకని సోమవారం మీసేవకు పోయింది. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో జాబితా పైకీ కిందికీ జరిపింది. బోరు వేయడానికి ఉంది, పటాకుల దుకాణానికి ఉంది, చివరికి ఊరేగింపు తీయడానికి కూడా పర్మిషన్ ఉంది. పాట పెట్టడానికి మాత్రం లేదు. "మున్సిపాలిటీల అడుగు అక్కా" అంది.

మున్సిపాలిటీలో కౌంటర్ వెనకున్న పెద్దమనిషి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "దుకాణమున్నదా?"

"లేదు సారూ."

"బోర్డు?"

"లేదు."

"మరి ఏమున్నదమ్మా?"

"నోరున్నది."

"నోటికి ట్రేడ్ లైసెన్సు ఇయ్యం" అన్నాడాయన సీరియస్‌గా. కొంచెం ఆలోచించి, కరీంనగర్‌లో పెద్దాఫీసు ఉంది, అక్కడ అడగమన్నాడు.

బుధవారం బస్సెక్కి కరీంనగర్ పోయింది. అక్కడ మూడు గదులు తిప్పారు. ఒక గదిలో పదో తరగతి పాసయ్యావా అన్నారు, ఇంకో గదిలో నీ మీద కేసులున్నాయా అన్నారు. మూడో గదిలో ఆయనైతే, "వేలంలో కొనడానికా, అమ్మడానికా?" అన్నాడు. కొననూ కొనను, అమ్మనూ అమ్మను, నడుమ నిలబడి అరుస్తాను అంటే ఆయనకు తలకెక్కలేదు. నిజం చెప్పాలంటే, అంతసేపు తిరిగేసరికి తను చేసే పనేమిటో కోమలకే అనుమానం వచ్చింది. ఆఖరికి ఒక తెల్లకాగితం ఇచ్చి, అడగదలచుకున్నది రాసిపొమ్మన్నారు. 'పాట పెట్టేవాళ్ళకు లైసెన్సు కావాలా, కావాలంటే ఎవరిస్తారు' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయించుకుని వచ్చింది. జవాబు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి, తుంటి విరిగినప్పటి నుంచి తన దగ్గరే ఉంటున్న తండ్రి మంచం పక్కన కూలబడి అంతా చెప్పింది. అంతయ్య పకపకా నవ్వాడు.

"పిచ్చిదానా, నాకు లైసెన్సు లేకుంటనే ముప్పై ఏండ్లు పెట్టిన్నా? నెంబరు బిల్ల ఉన్నది గదనే! పదిహేడో నెంబరు. ఏటేట రెన్యువల్ గూడ చేపిస్తి."

ట్రంకు పెట్టెలోంచి ఇత్తడి బిల్ల తీయించి, కూతురి చేతిలో పెట్టాడు. దాని మీది అక్షరాలు అరిగిపోయి అంకె ఒక్కటే కనిపిస్తోంది. ముప్పై ఏళ్ళు దాన్ని చొక్కాకు గుచ్చుకుని తిరిగిన మనిషి. ఆ బిల్లను చూస్తే ఆయన ముఖంలో పెళ్ళికొడుకు కళ వచ్చింది. కోమలకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంట్లోనే పెట్టుకుని ఊళ్ళన్నీ తిరిగాను కదా అనుకుంది.

గురువారం పొద్దున్నే యార్డు ఆఫీసుకు పోయింది. క్లర్కు హరీష్ కొత్తగా వచ్చాడు. మంచి పిల్లగాడే, కానీ పుస్తకంలో లేనిది నోటితో పలకడు. పాత రిజిస్టర్ తీసి పదిహేడో నెంబరు వెతికాడు.

"ఉన్నది అక్కా. అంతయ్య, దడువాయి. బిడ్డ పేరు మీదికి మార్చొచ్చు."

దడువాయి అంటే కాంటా దగ్గర తూకం వేసే మనిషి. కోమల ఆ మాట విన్నది, విని కూడా పట్టించుకోలేదు. తండ్రి పెట్టుకున్న బిల్లే, తండ్రి చేసిన పనే, ఇంకేం కావాలి? రెండు ఫోటోలు, ఆధార్ జిరాక్స్ ఇచ్చింది. సాయంత్రానికల్లా కార్డు చేతికొచ్చింది. ఆ సంబరంతో ఇంటికి పోతూ మిరపకాయ బజ్జీలు కొనుక్కుపోయి, అత్తకు కూడా పెట్టింది.

శుక్రవారం యార్డంతా పసుపు రాశులు. కోమల కొత్త చీర కట్టి, బిల్ల గుచ్చుకుని, మొదటి రాశి ముందు నిలబడి గొంతు సవరించుకుంది. అప్పుడే హరీష్ చేతిలో కాగితం ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఆగుండ్రి! మీరు పాట పెట్టొద్దు."

"ఏంది? లైసెన్సు నువ్వే ఇస్తివి గద!"

"అది దడువాయి లైసెన్సు. తూకమేసేటోళ్ళు ధర జోలికి పోవద్దు. ఒక్క మనిషే రెండు చేస్తే రైతును ముంచుతరని రూలు. రాత్రి మొత్తం చదివిన."

"మా బాపు ముప్పై ఏండ్లు..."

"అప్పుడు ఎవ్వరు చూడలే. ఇప్పుడు చూస్తున్నరు." హరీష్ గొంతు తగ్గించాడు. "ఇంకోటి గూడ ఉన్నది. కరీంనగర్ నుంచి జవాబొచ్చింది. ఎవరో అడిగిన్రట. పాట పెట్టేటోళ్ళకు లైసెన్సే అక్కర్లేదట. మా మనిషి అని సేటు చిట్టీ రాసిస్తే చాలు."

"ఎవరో గాదు, నేనే అడిగిన!" కోమల బిల్ల మీద చెయ్యి వేసుకుంది. "అయితే సేటు చిట్టీ ఇస్తడు. ఇంకేంది?"

"దడువాయికి ఇయ్యొద్దు. గదే చెప్తున్న."

"అంటే లైసెన్సు లేకపోతే పెట్టొచ్చు. ఉన్నందుకు పెట్టొద్దు."

"అంతే."

"నీకు సమజైందా?"

"నాకు గూడ జర పరేషానే అక్కా" అన్నాడు హరీష్ నిజాయితీగా.

"అయితే గిది వాపస్ తీసుకో."

"దరఖాస్తు పెట్టాలె. పదిహేను రోజులు పడ్తది. అప్పటిదాంక మీరు దడువాయే."

పదిహేను రోజులంటే సీజన్‌లో మంచి సరుకంతా వెళ్ళిపోతుంది. సాంబయ్య తల గోక్కున్నాడు, తన చేతిలో ఏమీ లేదన్నాడు. వెంకటేశ్ మైకు పట్టుకుని ముందుకొచ్చాడు. కోమల పోయి కాంటా పక్కన నిలబడింది. ఎవరిని తిట్టాలో తెలియక తనను తానే తిట్టుకుంది.

రెండు రాశులు ఎలాగో తెగాయి. మూడోది యాదవ్వది. యాదవ్వకు మొగుడు లేడు, అరెకరం పసుపు ఒక్కతే తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి తెచ్చింది. కోమల నేల మీద దొర్లిన ఒక కొమ్ము తీసి విరిచింది. టప్పున విరిగింది, లోపల ముదురు రంగు. క్వింటాలు పదమూడు వేలకు తక్కువ పోగూడని సరుకు. వెంకటేశ్ మాత్రం మైకులో ఎవరో తరుముతున్నట్టు చదువుకుపోతున్నాడు. ధర పదకొండు వేల రెండు వందల దగ్గర ఆగింది. ఖరీదుదార్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని చల్లగా ఊరుకున్నారు.

"ఒకటోసారి" అన్నాడు వెంకటేశ్.

యాదవ్వ కాంటా వైపు చూసింది. "బిడ్డా, నువ్వు పెట్టవా నా రాశికి?" అంది.

కోమల హరీష్ భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "మానేస్తనంటే పదిహేను రోజులన్నవు. మరి రూలు తప్పితే?"

"తప్పితే అప్పటికప్పుడే రద్దు. ఆ నెంబరే కొట్టేస్తరు, మళ్ళ ఎవ్వరికి ఇయ్యరు."

"రద్దయినోళ్ళు పాట పెట్టొద్దని ఉన్నదా?"

హరీష్ పుస్తకం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఎక్కడ లేదు" అన్నాడు అయోమయంగా.

"రెండోసారి" అంది మైకు.

"ఆగు!"

ఆ కేకకు వెంకటేశ్ మైకు జారవిడిచాడు. కోమల రాశి ముందుకొచ్చి నిలబడింది. "ఏమయ్యా, కండ్లు ఇంట్ల పెట్టొచ్చిన్రా అందరు? గిది పసుపా, ఇటుక పొడా? గీ కొమ్ము ఇరిచి చూడుండ్రి! పదకొండున్నర ఎవరు? హా, పన్నెండు! పన్నెండుకు తీస్కపోయి రేపు ఎంతకమ్ముతవో నాకెర్క లేదా సేటూ? పన్నెండున్నర!" ఖరీదుదార్లలో కదలిక వచ్చింది. ఆమె ఒకణ్ణి వెక్కిరించింది, ఒకణ్ణి మెచ్చుకుంది, పోతున్నవాణ్ణి పేరు పెట్టి వెనక్కి పిలిచింది. రాశి పదమూడు వేల ఆరు వందలకు తెగింది. యాదవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

హరీష్ అక్కడే నిలబడి రద్దు కాగితం రాశాడు. కోమల సంతకం పెట్టి బిల్ల ఇచ్చేసింది. సాంబయ్య సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీదే చిట్టీ రాశాడు. నాలుగో రాశికి పాట పెట్టింది కోమలే.

సాయంత్రం ఇంటికి పోవాలంటే కాళ్ళు రాలేదు. ముప్పై ఏళ్ళ నెంబరు. ఆయన తుంటి విరిగిన రోజున కూడా నర్సు చొక్కా విప్పబోతే, బిల్ల జాగ్రత్త అన్నాడు. కోమల మంచం దగ్గర నేల మీద కూర్చుని తల వంచుకుంది.

"బాపు, నీ నెంబరు పోగొట్టిన. ఇగ ఎవ్వరికి రాదట. అది పాట పెట్టే బిల్ల గాదట, కాంటాదట."

అంతయ్య చెయ్యి అలవాటుగా చొక్కా మీద బిల్ల ఉండే చోటు తడుముకుంది.

"ఏ రాశికి పోయింది?" అన్నాడు.

"యాదవ్వ రాశికి."

"ఎంతకు తెగింది?"

"పదమూడు వేల ఆరు నూర్లు."

ఏటేటా యాదవ్వ పసుపుకు పాట పెట్టిన అంతయ్య కళ్ళు మూసుకుని వేళ్ళతో లెక్క వేసుకున్నాడు. తర్వాత కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"గా రాశికి నేనైతే పదమూడు వేలు గూడ దాటియ్యకపోదును బిడ్డా" అన్నాడు.