గోడ మీద గొంతు

తరగతి గదిలో స్టూలెక్కి, ప్రొజెక్టరు అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తోందామె. ఒక చేయి గోడకి ఆనించుకుంది. ఈ మధ్య మోకాలు మాట వినడం లేదు. దిగి, గొంతు కోసం లవంగం ముక్క కొరికి బుగ్గన పెట్టుకుని, తీగ కొసను ఫోనుకు గుచ్చింది. గోడ మీద నీలం వెలుగు పరుచుకుంది. పాత మేకుల కన్నాలు, ఎప్పుడో తగిలిన బంతి మచ్చ అందులో బయటపడ్డాయి. కిటికీ అవతల బస్సుల హారన్లు అప్పుడే మొదలయ్యాయి.

ఆ హారన్లతో పోటీపడీ పడీ ఆమె గొంతు అరిగిపోయింది. వయసులో ఉన్నప్పుడు ఆమె సైన్సు పాఠం చెబుతుంటే పక్క గది లెక్కల మాస్టారు సుద్దముక్క కింద పెట్టి వినేవాడట. పిల్లలు చాటుగా ‘గంట టీచరు’ అని పేరు పెట్టారు, ఆ పేరు ఇప్పటికీ నిలిచింది. తెలియనట్టు నటిస్తూ లోపల మురిసిపోయేది. నిరుడు ఒక పొద్దున నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. డాక్టరు తాను చాలాసేపు మాట్లాడి, ఆమెను మాత్రం మాట్లాడొద్దన్నాడు.

సెలవు ముగించుకుని వచ్చేసరికి తరగతి చేయి దాటిపోయింది. ఆమె గుసగుస ముందు బెంచీ దాకా వెళ్ళి ఆగిపోయేది. వెనకవాళ్ళు కొందరు కునుకు, మిగతావాళ్ళు గోల. ఒక సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా కూలబడింది. కూతురు పక్కన చేరి, ఫోనులో రాసింది గోడ మీద ఎలా పడుతుందో చూపించింది. వేళ్ళు తప్పుచోట పడుతుంటే, “తొందరేం లేదమ్మా, మళ్ళీ నొక్కు” అంది. ఒకప్పుడు తల్లి ఆ పిల్లకు ఎక్కాలు నేర్పింది సరిగ్గా ఆ మాటతోనే.

అప్పట్నుంచి ఆమె రాస్తే పిల్లలు పైకి చదువుతారు. కావాలని ఒక తప్పు అక్షరం కొట్టి ఆగుతుంది. “కాదు టీచర్!” అని గదంతా లేచి నిలబడుతుంది. కునుకు తీసేవాళ్ళే ముందు లేస్తారు.

ఈ రోజు గంట కొట్టకముందే హెడ్మాస్టరు వచ్చాడు.

“టీచరుగారూ, మిమ్మల్ని లైబ్రరీకి మారుద్దామనుకుంటున్నాను. మీ గొంతు కోసమే. పైగా గోడ మీద బొమ్మలేస్తే పాఠమైపోతుందా, మీరే చెప్పండి?”

ఆమె వెనక బెంచీ చూపించింది. ఆయన మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాడు.

గంట మోగి పిల్లలు వచ్చి కూర్చున్నారు. పాఠం ధ్వని. ఆమె ఫోనులో ఏదో నొక్కగానే గోడ మీద ఒక పచ్చగీత పాకింది. చప్పట్లు కొట్టమని సైగ చేసింది. గీత కొండలా ఎగిసిపడింది. పిల్లలు కెవ్వుమన్నారు, అది ఇంకా లేచింది. ఒకడు ఈల వేశాడు, సన్నటి పళ్ళ దువ్వెనలా దగ్గరదగ్గరగా అలలు. బల్ల మీద గుద్దితే వెడల్పాటి అలలు. “ఎందుకు?” అని రాసిందామె. చేతులన్నీ లేచాయి. ఈల సన్నం కాబట్టని ఒకరు, గాలి త్వరత్వరగా వణికిందని ఇంకొకరు వాదించుకున్నారు. ఆమె పెదవి బిగించి, రెండో జవాబు కింద గీత గీసింది.

అప్పుడు నడుమ బెంచీలోని పొట్టి జడల పిల్ల అంది: “టీచర్, మీది కూడా చూపించండి.”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఈ సందట్లో తన గొంతెక్కడ ఆనుతుంది?

“ష్! ఎవరూ కదలొద్దు” అంది ఆ పిల్ల.

గోల చేసే బెంచీలే ముందు బిగుసుకున్నాయి. ఎవరో వెళ్ళి కిటికీ మూశారు. గీత చదునుగా పడుకుంది. ఇంతలో హెడ్మాస్టరు బెంచీ కిర్రుమంది, గీత ఉలిక్కిపడింది. తలలన్నీ ఆయన వైపు కోపంగా తిరిగాయి. ఆయన గబుక్కున నోటికి వేలు అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె ఫోను దగ్గరికి వంగి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఒక్క మాట అంది.

“గంట.”

గోడ మీద చిన్న అల లేచి, వణికి, సర్దుకుంది. పిల్లలు రెప్ప వేయకుండా చూశారు. అది తాము చాటుగా పిలిచే పేరేనని వాళ్ళకు ఒక్కసారిగా వెలిగింది. “టీచర్‌కి తెలుసురా!” అన్నారెవరో. నవ్వులతో గోడంతా పచ్చబడింది.

పిల్లలు వెళ్ళాక హెడ్మాస్టరు గుమ్మం దగ్గర తచ్చాడాడు. “లైబ్రరీ మాట వదిలేయండి. పిల్లలు నా నోరే మూయించారు” అన్నాడు. ఫోను వైపు చూసి, “నా గొంతు కూడా ఒకసారి చూపిస్తారా?” అని దగ్గాడు. ఆమె చూపించింది.

ఆ సాయంత్రం టైలరైన భర్త మిషను ముందు కూర్చుని ఉంటే, పక్కనే చేరి అంతా గుసగుసగా చెప్పింది.

“చాల్లే, గొంతు నొప్పి పెడుతుంది. రేపు చెబుదువుగాని.”

“ఇదొక్కటి వినండి. పిల్లలు ఊపిరి కూడా తీయలేదండీ, నా కోసం!”

ఆయన మిషను ఆపి మొత్తం విన్నాడు. మిషను చప్పుడు లేకపోతే ఆమె మాట ఎంత స్పష్టంగా ఉందో అనుకున్నాడు.

తెల్లవారి ఆయన కాఫీ కలిపి పిలిచాడు. భుజం తట్టాడు. ఆమె ఎప్పటిలాగే ఒక పక్కకి ఒత్తిగిలి ఉంది. ముఖంలో నిన్నటి సంతోషం ఇంకా తేటగా ఉంది. నిద్రలోనే వెళ్ళిపోయింది.

బడి మళ్ళీ తెరిచిన రోజు, ఆ పాఠం తానే పూర్తి చేస్తానని హెడ్మాస్టరు తరగతిలోకి వచ్చాడు. పిల్లలు ఎవరూ చెప్పకుండానే నిశ్శబ్దంగా కూర్చున్నారు. తీగ కోసం ఆయన బల్ల సొరుగు లాగాడు. అడుగున చిన్న రేకు డబ్బా, మూత సగం తెరిచి ఉంది. లోపల ఆమె గొంతు కోసం దాచుకున్న లవంగాలు కొన్ని, వాటిలో సగం కొరికి వదిలేసినది ఒకటి, ఇంకా ఘాటుగా.