ముప్ఫై ఒకటో పేరు

మా కంప్యూటర్ గదిలో పిల్లలు ముప్ఫై మంది. రోజూ పొద్దున్నే నా తెర మీద మాత్రం ముప్ఫై ఒక్క పేర్లు కనిపిస్తాయి. ఆఖరి పేరు మా అమ్మాయిది. పక్కన ‘వాడుకలో ఉంది’ అని ఉంటుంది. అమ్మాయి పోయి ఎనిమిది నెలలైంది.

ఇందులో దెయ్యాల గోల ఏమీ లేదు. బల్లల మీదున్న చిన్న పెట్టెలకి సొంత బుర్ర లేదు, పనంతా పక్క గదిలోని సర్వర్‌దే. ఎవరి కార్డు వాళ్ళు పెడితే నిన్న ఆపిన పేజీ ఆపిన చోటే తెరుచుకుంటుంది. గంట కొట్టగానే పిల్లలు ‘సేవ్ చెయ్యాలా మేడమ్?’ అని ప్రాణం తీస్తుంటే, ‘అక్కర్లేదు, కార్డు లాగేసి నడవండి, ఎక్కడికీ పోదు’ అని నేర్పింది నేనే. మా అమ్మాయీ అలాగే లాగేసి వెళ్ళింది.

ఆ పేజీలో ఏముందో ఇన్నాళ్ళూ చూడలేదు. భయం. ఆ పొద్దున మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది. తల బద్దలవుతోందంటే, పరీక్ష ఎగ్గొట్టడానికి వేషాలన్నాను. గేటు దాటాక గొడవ ఆగిపోయింది. బడిలో నేను దానికి అమ్మని కాదు, మేడమ్‌ని. ఆ నియమమూ నేను పెట్టిందే. సాయంత్రానికి ఆసుపత్రి, మూడో రోజుకి అంతా అయిపోయింది.

సర్వర్ చూసే అతను ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒక అబద్ధం చెప్పి ఆ పేరు తీయనివ్వలేదు. అది అక్కడుంటే నా కూతురు పక్క గదిలో ఉన్నట్టే ఉండేది. తెలివితక్కువే. ఉంటే ఉండనీ.

ఈ రోజు ఫోన్ చేశాడు.

“మేడమ్, సర్వర్ ఊపిరాడక చస్తోంది. పదకొండింటికి పిల్లల పరీక్ష అయిపోగానే ఆపి మళ్ళీ మొదలుపెడతా. సేవ్ చెయ్యనివన్నీ పోతాయి. ఈసారి నన్ను ఆపకండి.”

ఆపలేకపోయాను. కొత్తగా చేరిన చూపులేని పిల్ల, మా అమ్మాయి కూర్చున్న చోటే కూర్చుని, నత్తి కొడుతున్న యంత్రం గొంతుతో వేగలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. మా అమ్మాయికీ చూపు లేదు. ఆ బల్ల మీద తెర లేదు, రాసింది చదివి వినిపించే గొంతొక్కటే.

పదకొండుకి పది నిమిషాలుంది. మిగతా పెట్టెలన్నిటి ముందూ పిల్లలు పరీక్ష రాస్తున్నారు. నాదానికి కార్డు పెట్టే చోటే లేదు. “నీ పరీక్ష రేపు రాద్దువుగానిలే” అని ఆ పిల్ల కార్డు తీసి, మా అమ్మాయిది పెట్టాను.

గొంతు మధ్యమధ్య తెగుతూనే గడగడా చదివేసింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ‘ఈ వేగం నీ చెవులకి అందదులే అమ్మా’ అని ఇంట్లో ఏడిపించేది అది.

“అబ్బ, ఎవరిది మేడమ్ ఇది? నాకంటే స్పీడు!” ఆ పిల్ల మొహం వెలిగింది. “సెలవు చీటీ మేడమ్. మీకే రాశారు.”

“ఏముందో చెప్పమ్మా.”

మీట నొక్కి మళ్ళీ వింటూ, ఆగి ఆగి చెప్పింది.

“‘మేడమ్ గారికి. పొద్దుట్నుంచి తల పగిలిపోతోంది. మా అమ్మ నమ్మలేదు. తను చెడ్డది కాదు, పరీక్షలంటే కంగారు. నేను చెప్తే వినదు. మీరైనా ఒక్కసారి మా అమ్మకి చెప్పండి మేడమ్.’ అంతే. కింద పేరు లేదు.”

మా అమ్మాయి ఇది రాస్తున్నప్పుడు నేను ఇదే గదిలో, నాలుగడుగుల దూరంలో, హాజరు వేసుకుంటూ కూర్చున్నాను. తల ఎత్తి చూడలేదు.

“ముందు సేవ్ చెయ్యమ్మా” అన్నాను.

మీటలు టకటకలాడాయి.

“చేసేశా. మరి మీరు వాళ్ళమ్మకి చెప్పారా మేడమ్?”

“వాళ్ళమ్మ ఇప్పుడే వింది” అన్నాను.