ఎనిమిదింట ఐదు

"డి," అంది కోడలు, పిండి పిసుకుతూనే.

అత్తగారు జవాబుల కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుంది. కుడికంటికి పొర కమ్మింది కాబట్టి దాన్ని చేత్తో మూసుకుని, కాస్త నయంగా ఉన్న ఎడమకంటితో వెతికింది. పుస్తకం చివర చీమల బారులా ఉండే జవాబులు ఆవిడ కంటికి ఆనవని, కోడలు ఆ పేజీలను జిరాక్సు షాపులో పెద్దవి చేయించి తెచ్చింది. "డీనే," అంది అత్తగారు, ఆ లెక్క తనే చేసినంత గొప్పగా. కోడలు పిండిచేత్తోనే నుదుటిమీద వెంట్రుకలు వెనక్కి తోసుకుని నవ్వింది. ఆ నవ్వు చూడడానికే అత్తగారు పొద్దున్నే కుట్టుమిషను వదిలి వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది.

అత్తలేని కోడలు ఉత్తమురాలనీ, కోడలు లేని అత్త గుణవంతురాలనీ సామెత చెప్పినవాళ్లు ఈ వంటిల్లు చూసి ఉండరు. పెద్ద చదువుకు ప్రవేశపరీక్ష రాయాలని కోడలు పట్టు పట్టాక, చదువుకోవడానికి ఇంట్లో ఒక బల్లగానీ ఒక గంటగానీ దొరకలేదు. బల్ల కొడుకు లాప్‌టాప్‌ది. గంటలన్నీ ఎవరో ఒకరివి. అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. రోజూ పొద్దున్నే నాలుగైదు లెక్కలు అలమారా తలుపుకు అంటించేది. పిండి కలిపేటప్పుడు నెట్‌వర్కులు, గిన్నెలు తోమేటప్పుడు దగ్గరి దారులు వెతికే లెక్కలు. జవాబు నోటితో చెప్పడం, అత్తగారు సరిచూడడం. పగలంతా ఫోన్లో ఊళ్లోవాళ్ల కంప్యూటర్ల జబ్బులు విని, ఓపిగ్గా మందు చెప్పే ఉద్యోగం ఆమెది. ఆ గొంతే ఇంటికొచ్చి మళ్లీ లెక్కలు చెప్పుకుంటుంటే అత్తగారికి ఆశ్చర్యం వేసేది. ఇంత ఓపిక ఈ పిల్ల ఎక్కడ దాచుకుంటుందీ అని.

ప్రోగ్రాముల లెక్కలు మాత్రం బట్టలు మడతపెట్టే వేళకి. ఒక ప్రోగ్రాం తనను తానే పిలుచుకుంటుందట. ఆ పిలుపు ఇంకో పిలుపు పిలుస్తుందట. ఒక్కో పిలుపుకు ఒక్కో బట్ట మడిచి కిందిదానిమీద పెట్టాలి. పిలుపులన్నీ అయిపోయాక, ఆఖరున పెట్టినది మొదట తీస్తూ, జవాబులు కూడుకుంటూ కిందికి రావాలి. ఒక ఆదివారం ఆ దొంతర కోడలి నడుం దాకా పెరిగింది. పెదవులు కదులుతున్నాయి, కళ్లు ఎక్కడో ఉన్నాయి. అప్పుడే కొడుకు వచ్చి దొంతర నడిమధ్య నుంచి తన నీలం చొక్కా లాక్కుపోయాడు. కోడలు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "చొక్కా తీసుకుంటే ఏమైంది? మళ్లీ మడిస్తే పోలా?" అన్నాడు వాడు. ఆమె బట్టలన్నీ విప్పి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. జవాబు సరిగ్గా వచ్చింది కూడా. ఆ రోజు అత్తగారికి కోడలిమీద పుట్టిన గౌరవం, మర్నాటికి కూడా తగ్గలేదు.

ఆలోచించేటప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. ఖరీదైన గుడ్డ నేలమీద పరిచి, కత్తెర పెట్టబోయేముందు తను ఎలా ఊపిరి బిగబడుతుందో, అదే బిగింపు. ఒక్క కోత తప్పితే గుడ్డంతా దండగ. ఇంత వయసొచ్చాక, తన పనిలో తనకు తెలిసిన ఆ ఆనందాన్ని ఇంకొకరి ముఖంలో చూడడం అత్తగారికి బాగుంది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. అవి ఈ ఇంట్లోకే వచ్చాయని ఆవిడకు లోలోపల పొంగు.

నిజానికి కొడుకూ కోడలూ ఒకే తరగతిలో చదువుకున్నారు. "నాకంటే దీనికే మార్కులెక్కువ," అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో వాడే చెబుతాడు. చెప్పడానికి వాడికేం ఖర్చు? పెళ్లయిన ఏడు ఇద్దరూ ఈ పరీక్షే రాయాలనుకున్నారు. ఇద్దరూ చదువుల్లో కూర్చుంటే ఇల్లెలా నడుస్తుందన్న మాట వచ్చింది. "ముందు నాది అయిపోనీ, తర్వాత నువ్వు రాద్దువుగాని," అన్నాడు. న్యాయంగానే ఉందనిపించింది అందరికీ. వాడు రాశాడు, చదివాడు, మంచి ఉద్యోగంలో చేరాడు. తర్వాత కొత్త ఉద్యోగం కదా, కుదురుకోనీ అన్నారు. తర్వాత పాప కడుపులో పడింది. పాపకు నడక రానీ. పాపను బళ్లో వేయనీ. ఈలోగా వాడికి ఒక ప్రమోషను, ఇంకో పరీక్ష, మరో ప్రమోషను. కోడలు ఎప్పుడైనా మాట కదిపితే, వాడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఒకటే మాట అనేవాడు. "నేనెప్పుడైనా వద్దన్నానా?"

అనలేదు. అది నిజమే. అదే అత్తగారికి ఎటూ మింగుడుపడేది కాదు. వద్దన్న మొగుడితో పోట్లాడవచ్చు. తన మొగుడు కూడా వద్దనలేదు. పట్నంలో గుడ్డ కత్తిరింపు నేర్పే బడి ఒకటుందనీ, ఆరునెలలు వెళ్లివస్తాననీ అడిగినప్పుడు, "ఆ బడి ఎక్కడికి పోతుందే? వచ్చే ఏడు వెళ్దువుగాని," అన్నాడాయన. బడి నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఆ దారిన బస్సులో వెళ్లినప్పుడల్లా దాని బోర్డు కనిపిస్తూనే ఉండేది. ఆయనా పోయాడు, తన కళ్లూ పోతున్నాయి, బోర్డు మాత్రం అక్కడే ఉంది.

ఈ ఏడు కోడలు ఎవరినీ అడక్కుండా దరఖాస్తు పెట్టేసింది. పరీక్ష పక్క పట్నంలో, ఆదివారం. ముందురోజే వెళ్లి ఉండాలి. అంతా సవ్యంగా ఉందనుకుంటున్న వేళ, భోజనాల దగ్గర కొడుకు చల్లకొచ్చి ముంత దాచినట్టు కాసేపు నసిగి, అసలు సంగతి బయటపెట్టాడు. అమ్మ కంటి ఆపరేషన్‌కి డాక్టరు ఆ శుక్రవారమే ఇచ్చాడు. తనకేమో శనివారం నుంచి వారం రోజులు వేరే ఊళ్లో ట్రైనింగు, అది అయితేగాని పై మెట్టు ఎక్కనివ్వరట.

"అమ్మకి గంటగంటకీ కంట్లో చుక్కలు వెయ్యాలి. వంగకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. పాపేమో ఒక్క క్షణం కుదురుగా ఉండదు," అన్నాడు. "నేను వద్దనడం లేదు. నువ్వే ఆలోచించు. పరీక్ష ప్రతి ఏడూ ఉంటుంది కదా."

కోడలు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. పాప నోటి దగ్గరికి ముద్ద తీసుకెళుతూ, "సరే," అంది. ఆ సరే అనడంలో కోపం లేదు, ఏడుపు లేదు. అలవాటు ఉంది. అదే అత్తగారి గుండెలో కలుక్కుమంది.

"ఆపరేషను వాయిదా వేయించరా," అంది ఆవిడ. "ఇన్నాళ్లు చూడలేదూ ఈ కంటితో? ఇంకో రెండు నెలలు చూస్తాను."

"వద్దత్తయ్యా, ఇంక ఆలస్యం చేస్తే కష్టమన్నాడు డాక్టరు," అంది కోడలు.

"ఆయన అలాగే అంటాడులే."

కొడుకు ముఖం తేటపడింది. "అదీ మంచి ఆలోచనే అమ్మా," అన్నాడు, ఇంకాస్త కూర వేసుకుంటూ. అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు. చిక్కు విడిపోయింది, అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. తనెందుకు పీల్చుకోలేకపోతోందో ఆవిడకు అప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున అలమారా తలుపుకు ఒకే లెక్క ఉంది. కోడలు కూరగాయలు తరుగుతూ చదివి, తల కూడా ఎత్తకుండా, "ఏ. సగం," అంది.

అత్తగారు కంటిమీద చెయ్యి పెట్టుకుని చూసింది. మళ్లీ చూసింది. "ఏ కాదే. బి అనుంది."

"బి ఎలా అవుతుంది? ఇద్దరికీ ఒకటే నియమం కదా, సగం సగమే." కోడలు కత్తి కింద పెట్టి ఆ కాగితం ముందు నిలబడింది. ఎంతసేపటికీ కదల్లేదు. ఆమె లెక్క తప్పడం అత్తగారు ఎప్పుడో గాని చూడలేదు.

"అదేంటో నాకూ చెప్పు. నాకు చెబితే నీకే తెలుస్తుంది," అంది ఆవిడ. అది వాళ్లిద్దరి మధ్య పాత మందు.

"ఒకే తీగమీద రెండు కంప్యూటర్లు ఉన్నాయనుకో అత్తయ్యా. రెండూ ఒకేసారి మాట్లాడితే మాటలు ఢీకొని పాడవుతాయి. అప్పుడు రెండూ నోరు మూసుకుని, ఎంతసేపు ఆగాలో చీటీ తీసుకోవాలి. తక్కువ చీటీ వచ్చినవాళ్లు ముందు మాట్లాడతారు."

"న్యాయమే."

"మొదటిసారి ఢీకొంటే ఇద్దరికీ చీటీలు రెండే. సున్నా, ఒకటి. ఒకటో కంప్యూటరు గెలిచింది, తన మాట పంపేసుకుంది. దానికి ఇంకో మాట ఉంది. రెండోది పాత మాటే పట్టుకుని ఇంకా నిలబడి ఉంది. మళ్లీ ఢీకొన్నాయి. ఈసారి కూడా ఒకటోదే గెలవడానికి ఎంత అవకాశం? అదీ లెక్క."

అత్తగారు కుట్టుమిషను సొరుగులోంచి బొత్తాలు తెచ్చి కూరగాయలు తరిగే బల్లమీద పోసింది. "ఇవే చీటీలు. పంచు."

కోడలు సుద్దముక్కతో బొత్తాలమీద అంకెలు వేసింది. ఒకటో కంప్యూటరు ముందు రెండు పెట్టింది. రెండోదాని ముందు రెండు పెట్టబోయి, ఆగింది. చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా ఇంకో రెండు బొత్తాలు తీసుకుని, రెండు అని ఒకదానిమీద, మూడు అని ఇంకోదానిమీద రాసి, అక్కడే చేర్చింది.

"దానికేంటి నాలుగు?" అంది అత్తగారు.

"గెలిచినవాళ్లకి పాత లెక్క కొట్టేస్తారు. కొత్త మాటకి మొదటి ఢీ, మళ్లీ రెండే చీటీలు. ఓడినవాళ్లకి ఇది రెండో ఢీ. ఓడినప్పుడల్లా చీటీలు రెట్టింపవుతాయి, ఆగే కాలం పెరుగుతుంది. అది మర్చిపోయాను."

ఇద్దరూ బొత్తాలు జత చేసి చూశారు. ఎనిమిది జతల్లో ఐదు, గెలిచినదానికే మళ్లీ గెలుపు. రెండింట్లో సమానం, అంటే మళ్లీ ఢీ. ఓడినది గెలిచే జత ఒక్కటే ఒక్కటి.

"మళ్లీ ఓడితే?" అంది అత్తగారు.

"ఎనిమిది చీటీలు. ఆపైన పదహారు."

"అలా ఎందాకా?"

"పదహారుసార్లు ఢీకొంటే ఇంక ఆ మాటే పారేస్తారు." కోడలు బొత్తాలవైపు చూస్తూ నవ్వింది. "చిత్రం చూడత్తయ్యా. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. నియమం ఇద్దరికీ ఒకటే. నువ్వు మాట్లాడొద్దని ఎవరూ అనరు."

అత్తగారు ఆ నాలుగు బొత్తాలనూ వేలితో అటూ ఇటూ కదిపింది. నిన్న రాత్రి నుంచి అంతుపట్టనిది ఇప్పుడు చేతికి దొరికింది. తన కన్ను తను వాయిదా వేసుకుంది. కోడలు ఆగాలి, లేకపోతే అత్త ఆగాలి. ఆగేవాళ్లను ఎంచుకోవడంలో ఆ ఇంట్లో ఎవరికీ మూడో మనిషి గుర్తే రాలేదు, కన్నతల్లి అయిన తనకూ రాలేదు. ఆవిడకు సిగ్గు వేసింది, ఆపైన కోపం వచ్చింది, ఎదురుగా ఉన్న పిల్లను చూస్తే ఆ రెండిటినీ దాటి ముద్దు వచ్చింది. ఇన్నేళ్లూ ఇన్ని చీటీల కింద నలిగి కూడా తన మాటను పారేసుకోకుండా పట్టుకుని నిలబడ్డది. పిండిలో, గిన్నెల్లో, బట్టల దొంతరలో దాచి దాచి ఇక్కడిదాకా తెచ్చింది. ఎంత మొండి మనిషి! ఎంత గొప్ప మొండితనం!

కొడుకు బూట్లు పట్టుకుని అక్కడికే వచ్చి కుర్చీ లాక్కున్నాడు. బల్లమీద బొత్తాలు చూసి వాడి కళ్లు మెరిశాయి. "ఓ, ఈ లెక్కా! నా పరీక్షలో కూడా వచ్చింది ఇది. ఎనిమిదింట ఐదు. చాలామంది సగం అని రాసి దెబ్బతిన్నారు. నేను కరెక్టుగా రాశాను."

"రాశావురా," అంది తల్లి. "నీకెందుకు రాదు?"

వాడికి ఆ మాట పొగడ్తలాగే వినబడింది. బూటు తాడు కట్టుకుంటూ, "అమ్మా, డాక్టరుకి ఫోన్ చేసి డేటు మార్పిస్తాను మరి," అన్నాడు.

"వద్దు. శుక్రవారమే చేయించుకుంటాను."

వాడు తలెత్తాడు. "మరి చుక్కలు..."

"నువ్వు వేద్దువుగాని. పాపకి అన్నం కూడా నువ్వే పెడుదువుగాని. అది శనివారం పొద్దున బస్సెక్కుతుంది."

కోడలు ఏదో అనబోయింది. అత్తగారు ఆమెవైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. రెండోదాని ముందున్న నాలుగు బొత్తాలనూ ఊడ్చి తీసుకుని, కొడుకు చేతిలో పోసి, వాడి వేళ్లు మూసింది.

"ఈసారి నువ్వు ఆగు నాన్నా."

వాడు చేతిలో బొత్తాలకేసి, పెళ్లాంకేసి, మళ్లీ తల్లికేసి చూశాడు. లెక్క తెలిసినవాడే కాబట్టి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. గొంతు మాత్రం చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. "మరి నా ట్రైనింగో అమ్మా?"

"అది ఎక్కడికి పోతుందిరా?" అంది తల్లి. "వచ్చే ఏడు వెళ్దువుగాని."