ఖాళీ దిబ్బలకు సెలవు

కిటికీ అంచుల మీది ఎర్రదుమ్మును తడిగుడ్డతో తుడుస్తున్నాను. ఆస్ట్రేలియాలో ఈ మాలీ అనే పొట్టి యూకలిప్టస్ పొదల నేలలో ఇది రోజూ ఉండే పనే. ఉత్తరపు గాలి వీస్తే రోజుకు రెండుసార్లు. గుడ్డ పిండినప్పుడల్లా బకెట్లో నీళ్లు ఇటుక రంగుకు తిరుగుతున్నాయి.

"ట్రూడీ, ముందుగది అద్దం ఇంకోసారి తుడువే" అంది వెల్మా పెద్దమ్మ వంటింట్లోంచి. "ఆ అబ్బాయి మెల్బోర్న్ నుంచి వస్తున్నాడు. దుమ్ములో పొర్లే మనుషులమనుకుంటాడు."

"దుమ్ములోనే కదా పెద్దమ్మా ఉన్నది."

"ఉంటే ఉన్నాం. వచ్చినవాళ్లకి కనిపించాలా?"

మా పెద్దమ్మ పద్ధతి మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. కనిపించనిది లేనట్టే. ఇంటి విషయంలో ఈ పద్ధతి వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ ఆవిడ మా టర్లినా ప్రాంతంలో మాలీకోళ్లను లెక్కపెట్టే సంఘానికి పెద్ద.

పేరుకు కోడే గానీ మాలీకోడి గుడ్లను పొదగదు. ఆకులూ ఇసుకా పోగేసి మనిషి నడుము ఎత్తు దిబ్బ కట్టి, గుడ్లను ఆ దిబ్బ వేడికి వదిలేస్తుంది. పుంజు నెలల తరబడి ఆ దిబ్బను తవ్వుతూ పూడుస్తూ, ముక్కుతో వేడి చూసుకుంటూ అక్కడే బతుకుతుంది. పిల్ల తనంతట తాను ఇసుక చీల్చుకుని బయటికొచ్చి పొదల్లోకి పరుగెత్తుతుంది. తల్లీ తండ్రీ ఎవరో దానికి తెలియదు. నక్కకు మాత్రం ఆ పిల్ల బాగా తెలుసు.

పక్షిని చూడటం కష్టం కాబట్టి దిబ్బల్ని లెక్కపెడతాం. చలికాలం చివర్లో ప్రతి దిబ్బ నడినెత్తిన రెండు కర్రలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పెట్టి వస్తాం. వసంతంలో వెళ్లి చూస్తాం. కర్రలు చెదిరి, ఇసుక తాజాగా ఉంటే పక్షి పనిలో ఉన్నట్టు. కర్రలు పెట్టినవి పెట్టినట్టే ఉంటే పక్షి లేదు. ఇంతకంటే సులువైన సాక్ష్యం ఉండదు. దానికి కూడా మావాళ్లు అడ్డదారి కనిపెట్టారు.

లెక్కకు వచ్చేవాళ్లు ఎక్కువగా ఉద్యోగాల నుంచి దిగిపోయినవాళ్లు. కార్ల వెనక ఇళ్లు తగిలించినట్టుండే కారవాన్లు వేసుకుని వస్తారు. టోపీల మీద పక్షి బొమ్మ కుట్టించుకుంటారు. దిబ్బ పక్కన నిలబడి ఫొటో దిగుతారు, శాండ్‌విచ్‌లో ఆవాల ముద్ద ఎక్కువైందని పోట్లాడుకుంటారు. కదలని కర్రలున్న దిబ్బ ఎదురైతే వాళ్ల మొహాలు వాడిపోతాయి. "పాపం, ఇంత దూరం వచ్చారు" అంటుంది పెద్దమ్మ. మరుసటేడు వాళ్లను ఆ దిబ్బకు పంపదు. దీనికి ఆవిడ పెట్టిన పేరు సెలవు. చచ్చిన దిబ్బకు సెలవు.

ఇలా సెలవులు ఇచ్చుకుంటూ పోయారు. పదేళ్ల కిందట నలభై దిబ్బలు చూసేవాళ్లు, పదహారింటికి పక్షి ఉండేది. అంటే నూటికి నలభై. ఈ వసంతంలో పద్నాలుగు దిబ్బలే చూశారు, తొమ్మిదింటికి పక్షి ఉందని రాశారు. అంటే నూటికి అరవై పైన. పక్షులు తగ్గాయి, శాతం పెరిగింది. ఏటా జరిగే సభలో పెద్దమ్మ లేచి నిలబడి చప్పట్లు అందుకుని కూర్చుంటోంది.

ఆర్నో పెదనాన్న ఆ సభలకు వెళ్లడు. గోధుమ పొలం వెనక వాళ్ల నాన్న నరకకుండా వదిలేసిన పొదల పట్టీ ఒకటుంది, అందులో ఒక దిబ్బ ఉంది. సాయంత్రాలు ఆయన బండి అక్కడ ఆపుకుని కూర్చుంటాడు. ఆయనకు కావలసింది ఒక్కటే: అడవిశాఖవాళ్లు నక్కల కోసం ఏటా చల్లే విషపు మాంసం మా పొదల్లో చల్లుతూనే ఉండాలి. అది ఒక ప్రాంతానికే సరిపడా వస్తుంది. ఎక్కడ చల్లాలో లెక్కలు చూసి తేల్చే కుర్రాడే ఇవాళ భోజనానికి వస్తున్నది.

పన్నెండింటికి ఫిన్లే వచ్చాడు. సన్నటి మనిషి, ఎండకు రాసుకున్న క్రీము ముక్కు మీద సున్నం పూసినట్టు ఉంది. సంఘం తరఫున రెక్స్ కూడా వచ్చాడు. ఈయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయాడు. మెడలో చంటిపిల్లంత కెమెరా, దాన్ని భోజనాల బల్ల దగ్గర కూడా తియ్యడు. పెదనాన్న కోత మెషిన్ ఆపి, చేతులు కడుక్కుని వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. చల్లటి మాంసం ముక్కలు, బీట్‌రూట్, బంగాళాదుంపల సలాడ్ నేను వడ్డించాను.

ఫిన్లే బీట్‌రూట్ గిన్నె పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ పోయింది.

"మొత్తం రాష్ట్రంలో పైకి పోతున్న గీత మీదొక్కటే" అన్నాడు.

"చూశావా రెక్స్?" అంది పెద్దమ్మ.

"చూడకేం. నిచ్చెన వేసినట్టుంది. ఇదంతా నీ చలవే వెల్మా."

"నాదేముంది, అందరిదీ." ఆ మాట అంటూనే ఇంకో రెండు మాంసం ముక్కలు ఆయన పళ్లెంలో వేసింది.

"అందుకని" అన్నాడు ఫిన్లే, "వచ్చే ఏడు నక్కల విషాన్ని ఉత్తరం బ్లాకుకి మారుద్దామనుకుంటున్నాం. అక్కడ గీత దిగిపోతోంది. ఇక్కడ మీకు ఇక దాని అవసరం లేదు."

పెద్దమ్మ చేతిలో గరిట ఆగింది. ఆగి, మళ్లీ కదిలింది. "అంతేలే. పిల్లాడు పాసయ్యాక ట్యూషన్ ఎందుకు?"

"పాసైన సంగతి నక్కలకి ఎవరు చెప్తారు?" అన్నాడు పెదనాన్న. ఆ మధ్యాహ్నం ఆయన నోరు విప్పడం అదే మొదలు.

రెక్స్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

నేను మంచినీళ్ల జగ్గు పెట్టడానికి వంగాను. తెర మీద గీత కింద చిన్న చిన్న గడులున్నాయి. చాలా గడులు ఖాళీగా ఉన్నాయి.

"వెళ్లని దిబ్బలున్నాయి కదా" అన్నాను. "ఆ గడుల్లో మీ లెక్క ఏం పెడుతుంది?"

"ఏమీ పెట్టదు. అంటే... వెళ్లిన దిబ్బలు ఎలా ఉన్నాయో చూసి, అవీ ఇంచుమించు అలాగే ఉంటాయని అంచనా వేసుకుంటుంది."

"పక్షి లేదని మానేసిన దిబ్బకు పక్షిని మీరు ఇస్తున్నారన్నమాట."

ఫిన్లే ఫోర్కు కింద పెట్టాడు. "పక్షి లేదని మానేశారా? దారి బాగాలేకనో, మనుషులు చాలకనో అనుకున్నాం."

"ఎవర్ని అడిగి అనుకున్నారు?"

ఫిన్లే తెర వైపు చూశాడు. అన్నేళ్లు అంకెలు చదువుకున్న మనిషి, ఖాళీ ఎందుకు ఖాళీగా ఉందో అడగడానికి ఒక్క ఫోను చేయలేదు. పైకి పోయే గీతను ఎవరూ ప్రశ్నించరు కాబోలు. కిందికి దిగి ఉంటే పదిమందిని పంపి ఉండేవాళ్లు.

"నువ్వు టీ పెట్టవే" అంది పెద్దమ్మ నాతో. నేను కెటిల్ పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చున్నాను. ఆవిడ ఫిన్లే వైపు తిరిగింది. "సున్నాలు రాయడానికి ఎవరొస్తారు నాయనా? పక్షిని చూడ్డానికి వస్తారు. వరసగా రెండేళ్లు ఉత్త ఇసుక చూపిస్తే మూడో ఏడు గోల్ఫ్‌కి పోతారు."

మాట అబద్ధం కాదు. కిందటేడు ఒక జంట అలాగే పోయారు. టోపీలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"నాకు ఆ సున్నాలే కావాలి" అన్నాడు ఫిన్లే. "అవి లేకపోతే ఈ గీతకు అర్థం లేదు. ఇవాళ సంఘం తరఫున మీరు లెక్క సరికాదని చెప్పండి, మార్పు ఆపిస్తాను. చెప్పకపోతే మీరు పంపిందే నేను వాడాలి. ఒట్టి నా అనుమానం మీద ఈ మార్పు ఆపరు."

"సరికాదని ఎలా చెప్పను? మేం చూసినవే రాశాం. చూడనివి రాయలేదు. రాసినదాంట్లో ఒక్క అబద్ధం చూపించు."

"అలా అడుగు" అన్నాడు రెక్స్.

"ఇరవై ఆరు" అన్నాడు పెదనాన్న.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఇరవై ఆరు మా పొలం వెనక దిబ్బ నంబరు.

"పక్షి ఉన్నట్టు రాసి ఉందిగా?" అన్నాడు ఫిన్లేతో.

ఫిన్లే వేలితో వెతికి, "ఉంది. కిందటేడూ ఉంది" అన్నాడు.

"కర్రలు పెట్టింది నేను. రెండేళ్లుగా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నక్క ముందు పెట్టను పట్టింది, తర్వాత పుంజును పట్టింది."

"ఆర్నో" అంది పెద్దమ్మ. "అది నీకోసం రాశాను. ఆ దిబ్బంటే నీకెంత ప్రాణమో నాకు తెలీదా? సున్నా అని ఎలా రాయను నీ మొహం చూస్తూ?"

"రోజూ అక్కడ కూర్చునేది నేనే వెల్మా. పక్షి లేదని నాకు నువ్వు చెప్పాలా?"

"మరి తెలిసినప్పుడు నాతో ఎందుకనలేదు?"

"సభ నుంచి వచ్చినప్పుడల్లా పాట పాడుకుంటూ వచ్చేదానివి."

ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ఇద్దరూ కలిసి రెండేళ్లు నక్కకు భోజనం పెట్టారు. ఇలాంటి దాంపత్యాన్ని చూసి ఊళ్లోవాళ్లు మెచ్చుకుంటారు. మాలీకోళ్లు మెచ్చుకుంటాయని నేననుకోను.

పెదనాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "రాసుకో అబ్బాయ్. ఇరవై ఆరు, సున్నా. రెండేళ్లకీ. సెలవులో ఉన్నవాటికి మాత్రం సున్నా రాయకు. వాటిల్లో ఒకటో రెండో బతికే ఉండొచ్చు. లేదని రాసినా అబద్ధమే. ఎవరూ చూళ్ళేదని రాయి."

"ఎందుకు చూళ్ళేదో కూడా రాయాలి" అన్నాడు ఫిన్లే.

"రాయి. పక్షి లేకపోతే మావాళ్లకి బోరు కొడుతుందని రాయి."

ఫిన్లే నవ్వకుండా టైపు చేశాడు. లెక్క మళ్లీ తిరగడానికి కొంచెంసేపు పట్టింది. ఆ కాసేపూ రెక్స్ కెమెరా మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. తెర మీద నీలం గీత చెరిగిపోయి, ఆ చోట వెడల్పాటి బూడిదరంగు పట్టీ పరుచుకుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఉంది.

"ఇదేంటి, పొగా?" అన్నాడు రెక్స్.

"మనకు తెలియనిదంతా ఇదే. పక్షులు పెరిగి ఉండొచ్చు, సగానికి పడిపోయి ఉండొచ్చు." ఫిన్లే లాప్‌టాప్ పెదనాన్న వైపు తిప్పాడు. "ఇంత పొగ ఉన్నప్పుడు విషాన్ని ఇక్కణ్ణుంచి కదపమని ఎవరూ సంతకం పెట్టరు. సంఘం పెద్ద ఇంట్లోంచే సున్నా వచ్చాక అసలే పెట్టరు. వచ్చే ఏడు ఇక్కడే చల్లుతారు. వసంతంలో మాత్రం నలభై దిబ్బలూ ఎవరో ఒకరు నడవాలి."

"నడుస్తాను" అన్నాడు పెదనాన్న. "ట్రూడీ కూడా వస్తుంది."

నన్నెవరూ అడగలేదు. అయినా తల ఊపాను.

"నిజానికి నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది" అన్నాడు రెక్స్. "గీత మరీ అంత నిటారుగా పోతుంటే అనుకున్నాను, ఏదో తేడా ఉందని." బ్యాంకులో ఆయన అన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చాడో నాకు ఇప్పుడు అర్థమైంది.

పెద్దమ్మ రెక్స్ వైపు చూసింది. ఆయన బీట్‌రూట్ వైపు చూశాడు. ఆవిడ ఫిన్లేని చూసింది, అతను టైపు చేస్తున్నాడు. చివరికి పెదనాన్నను చూసింది. ఆయన కళ్లు తిప్పుకోలేదు.

కెటిల్ ఈల వేసింది. నేను లేచి మంట తగ్గించాను. ఈ ఇంట్లో ఏ మాట వచ్చినా దాని మీద ఇంకో మాట పెట్టకుండా పెద్దమ్మ ఊరుకోదు. వడ్డించేటప్పుడు, తుడిచేటప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. ఇప్పుడూ ఏదో అంటుందనే నేను కప్పులు పట్టుకుని ఆగాను.

ఆవిడ నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, మడతపెట్టి, కుర్చీ వీపు మీద వేసింది. పెరటి జాలితలుపు తోసుకుని, మాట లేకుండా బయటికి వెళ్లిపోయింది.