మింగడం ఎవరు నేర్పారు?

ఉదయం ఎనిమిదయ్యేసరికి మూడో అంతస్తులోని ఆ ఇంట్లోంచి ఒక పిల్ల ఏడుపు వినిపించేది. ముందు "వద్దు నాన్నా, వద్దు" అని మాటలుగా మొదలై, తరువాత మాటలు లేని గురగురగా మారేది. గ్లాసు కిందపడిన చప్పుడు, ఎవరో విసుక్కున్న చప్పుడు, ఆపైన నిశ్శబ్దం. మెట్లు దిగుతున్నవాళ్లు ఒక్క క్షణం ఆగి, "ఏం లేదులే, పిల్లకి మాత్ర వేస్తున్నారు" అనుకుని ఎవరి పనికి వాళ్లు పోయేవారు. జబ్బు చేసిన పిల్లకు మందు వేయడాన్ని ఎవరు మాత్రం తప్పుపడతారు? చదువుతున్న మీరు, రాస్తున్న నేను కూడా ఆ మెట్లమీద అంతకన్నా ఎక్కువసేపు ఆగేవాళ్లం కాదు.

ఆ ఇంటాయన సెలూన్ నడుపుకుంటాడు. భార్య బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తుంది. వాళ్లకి ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్లది. అందరూ గువ్వ అని పిలిచేవారు. గువ్వకి ఆరో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. రెండేళ్లపాటు సిరప్ తాగింది, జబ్బు చెప్పిన మాట వింది. ఆ తరువాత ఆస్పత్రికి ఆ సిరప్ రావడం ఆగిపోయింది. డాక్టరుగారు మాత్రలు రాశారు.

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇది కడుపులో మెల్లగా కరగాల్సిన మందు. నలపకండి, నమలనివ్వకండి. అలాగే మింగించాలి. ఒక్కపూట కూడా మానొద్దు."

అంతే. బయట యాభైమంది కూర్చుని ఉన్నారు. ఎలా మింగించాలో ఆయన చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. అడగవలసిన సంగతని తోచనే లేదు.

మొదటిరోజు గువ్వ బుద్ధిగానే నోరు తెరిచింది. మాత్ర నాలుకమీద పెట్టుకుని నీళ్లు తాగింది. నీళ్లు దిగాయి, మాత్ర దిగలేదు. రెండోసారి పొలమారింది. మూడోసారి కళ్లు తేలేసి, తాగిందంతా కక్కేసింది. తల్లి అరటిపండు ముక్కలో దాచి పెట్టింది. పిల్ల పండంతా తిని, మాత్రను మాత్రం చేప ముల్లు తీసినట్టు తీసి పక్కన పెట్టింది. ఒకరోజు ఉండబట్టలేక నలిపి తేనెలో కలిపితే, ఆ చేదుకి పిల్ల తేనె సీసా చూసినా పారిపోవడం మొదలుపెట్టింది. డాక్టరుగారికి తెలిసి గట్టిగా మందలించారు. తల్లిదండ్రులకు తలప్రాణం తోకకొచ్చింది.

"ఇన్ని మాటలెందుకు? కాళ్లు నువ్వు పట్టుకో" అన్నాడు తండ్రి ఒక ఉదయం.

తల్లి కాళ్లు పట్టుకుంది. అతను ఎడమచేత్తో ముక్కు మూసి, కుడిచేత్తో దవడ నొక్కి, నోరు తెరుచుకోగానే మాత్ర గొంతులోకి తోశాడు. పిల్ల వేలు కొరికింది. ఆ గాటుతోనే సెలూనుకు వెళ్లి, వచ్చినవాళ్లతో, "మా అమ్మాయి మహా మొండిదండీ" అని చెప్పుకున్నాడు. విన్నవాళ్లు నవ్వారు. "మా చిన్నప్పుడు మాకూ అలాగే వేశారు, బతికే ఉన్నాంగా!" అన్నాడు గడ్డం గీయించుకుంటున్న పెద్దమనిషి ఒకాయన.

నెలరోజులు అలాగే గడిచాయి. సగం మాత్రలు లోపలికి, సగం బట్టలమీదికి. ఇద్దరూ పనికి ఆలస్యంగా వెళ్లారు, ఇద్దరూ ఒకరిమీద ఒకరు విసుక్కున్నారు. తల్లి పనిచోట మిషను ముందు కూర్చుని ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకునేది.

ఉన్నట్టుండి ఒకరోజు గువ్వ మారిపోయింది. "నేనే వేసుకుంటా. మీరు పట్టుకోకండి" అంది. మాత్ర నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది, నోరు తెరిచి చూపించింది. ఏమీ లేదు! తండ్రి కూతుర్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "చూశావా, కాస్త గట్టిగా ఉంటేనే దారికొచ్చింది" అన్నాడు భార్యతో. మూడు వారాలు ఆ ఇంట్లో ఏడుపు లేదు. మెట్లు దిగేవాళ్లు కూడా మెచ్చుకున్నారు.

ఇరవై రెండోరోజు బడినుంచి ఫోను వచ్చింది.

బడి మెట్లు దిగుతుండగా ఫిట్స్ వచ్చి గువ్వ ఆరు మెట్లు దొర్లింది. నుదుటిమీద ఏడు కుట్లు పడ్డాయి. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరుగారు కళ్లజోడు తీశారు.

"మందు ఇస్తున్నారా?"

"రోజూ ఇస్తున్నామండీ. మా కళ్లముందే మింగుతోంది."

"ఒంట్లో మందు దాదాపు లేదు."

ఆ సాయంత్రం తల్లి ఇల్లంతా వెతికింది. మంచం కింద, పిల్లకు ఇరుకైపోయిన పాత బూట్ల ముందు భాగంలో మాత్రలు దొరికాయి. తడిసి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి నలభై దాకా ఉన్నాయి. చెంపకీ చిగురుకీ మధ్య దాచుకుని, వాళ్లు అటు తిరగగానే తీసి బూటులో వేసేది గువ్వ.

తండ్రికి ఒళ్లు మండిపోయింది. "చచ్చిపోతావే! తెలుసా?" అని చెయ్యెత్తాడు.

గువ్వ చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కుట్లున్న నుదుటినీ కాచుకోలేదు. రెండు చేతులతోనూ ముక్కును గట్టిగా కప్పుకుని గోడకు అంటుకుపోయింది.

ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. దించి, దానివంక చూసుకున్నాడు. ఆ చేతి చూపుడువేలిమీద పంటిగాటు మచ్చ ఇంకా పోలేదు.

"నేనేం చెయ్యనే?" అన్నాడు భార్యతో. "వెయ్యకపోతే పడిపోతుంది. వేస్తే ఇలా చూస్తుంది. నన్నేం చెయ్యమంటావ్?"

ఆమె ఆ మాత్రల ముద్దను కాగితంలో చుడుతూ ఉండిపోయింది.

మర్నాడు అతను ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గరికి వెళ్లాడు. అక్కడుండే ఆవిడ రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఎవరైనా చీటీ అందిస్తే మొహం చూడకుండా మందు ఇవ్వదు.

"మేడమ్, దీని బదులు సూది మందు ఏమైనా ఉందా? మా అమ్మాయి మాత్ర మింగదు."

"మింగనంటోందా, మింగలేకపోతోందా?"

అతను జరిగినదంతా చెప్పాడు. ముక్కు మూసిన సంగతి మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు.

"ఏడుస్తున్న పిల్ల ముక్కు మూసి గొంతులోకి తోస్తే, అది ఊపిరి దారిలోకి పోవచ్చు బాబూ. ఇన్నాళ్లు ఏమీ కాకపోవడం మీ అదృష్టం. సరే, ఒక మాట చెప్పండి. అమ్మాయికి మింగడం ఎవరు నేర్పారు?"

"అది నేర్పేదేముందండీ?"

"మీరేం పని చేస్తారు?"

"సెలూన్ ఉందండీ."

"మొదటిసారి జుట్టు తీయించుకునే పిల్లాడొస్తే, రాగానే మిషను తలమీద పెట్టేస్తారా?"

"అయ్యో, లేదమ్మా! బెదిరిపోడూ? ముందు దువ్వెన చేతికిస్తాం. మిషను ఆన్ చేసి నా చేతిమీదే పెట్టుకుని చూపిస్తాను. వాడు ముట్టుకుంటాడు, నవ్వుతాడు. అప్పుడు మెల్లగా చెవి పక్కన..."

అతని మాట అక్కడే ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో "కానివ్వండి సార్" అన్నారు.

ఆవిడ డాక్టరుగారితో మాట్లాడి, మరో ఆస్పత్రినుంచి మూడు వారాలకు సరిపడా సిరప్ తెప్పించింది. ఆ మూడు వారాలూ గువ్వను మధ్యాహ్నం రమ్మంది. మొదటిరోజు పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి, "నాన్న బయటుంటేనే వస్తా" అంది. అతను వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. తలుపు సందులోంచి మాటలు వినిపించాయి.

"ఇవాళ మందు లేదు. ఇవి ఉత్త పంచదార పూసలు, ఆవగింజంత. నేర్చుకోవడానికి మాత్రమే. మందు ఎప్పుడూ మిఠాయి కాదు, సరేనా? తిన్నగా కూర్చో. ముందు ఒక గుటక నీళ్లు తాగు. ఇప్పుడు పూస నాలుకమీద పెట్టుకో. మళ్లీ నీళ్లు. తల వెనక్కి వాల్చకు. భయమేస్తే ఆపేద్దామని చెప్పు, ఆపేద్దాం."

"ఆపేద్దాం" అంది గువ్వ వెంటనే.

"సరే, ఆపేశాం. రేపు రా."

బయట నిలబడ్డ తండ్రి నిరుత్సాహపడ్డాడు. ఒక్క పూస కూడా మింగలేదే! కానీ మర్నాడు గువ్వ తనే ముందు నడిచింది. ఆవగింజంత పూస సగ్గుబియ్యం గింజంత అయింది, అది శనగపప్పంత అయింది. ఒకరోజు పొలమారి వెనక్కి తగ్గింది, మళ్లీ చిన్న పూసకు వచ్చింది. పదహారోరోజున ఆవిడ ఎదుట, తల్లి పక్కన కూర్చుని, అసలు మాత్ర మింగింది. తల్లి ఏడ్చింది. గువ్వకు అదెందుకో అర్థం కాలేదు.

ఇంతటితో కథ సుఖంగా ముగిసిందని చెప్పగలిగితే బాగుండును. ఆ రాత్రి భోజనాలకు ముందు తండ్రి సంబరంగా, "ఏదీ, నా ముందు వేసుకో తల్లీ" అని దగ్గర కూర్చున్నాడు. గువ్వ నిజంగానే ప్రయత్నించింది. మాత్ర పెట్టుకుంది, నీళ్లు తాగింది. గొంతు మూసుకుపోయింది. మాత్ర బయటికొచ్చింది. "నేను కావాలని చెయ్యలేదు నాన్నా" అని వణికిపోయింది. అతను లేచి బయటికెళ్లాడు. రెండు నిమిషాల్లో మాత్ర దిగింది.

అతను మళ్లీ ఆ కిటికీ దగ్గరికెళ్లి అడిగాడు. "నా ఎదురుగా ఎప్పటికి మింగుతుందమ్మా?"

"అది నేను చెప్పలేను బాబూ" అందావిడ. "మాత్ర మింగడం నేర్పగలిగాను. మీ చేతుల్ని నమ్మడం నేర్పే విద్య నా దగ్గర లేదు."

ఇప్పుడు రోజూ రెండుపూటలా, మాత్ర వేళకు ఆ తండ్రి చెప్పులు వేసుకుని బయటికొచ్చి మెట్లమీద నిలబడతాడు. వచ్చేపోయేవాళ్లు పలకరిస్తే తల ఊపుతాడు. లోపల గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడయ్యాక కూడా, భార్య పిలిచేదాకా తలుపు తొయ్యడు. నెల దాటింది, రెండో నెలా గడుస్తోంది. అతను అడగడం మానేశాడు.

నడక రానప్పుడు వేలు పట్టుకుని నడిపించాం, మాట రానప్పుడు వందసార్లు పలికి వినిపించాం, మాత్ర మింగడం మాత్రం పుట్టుకతోనే వచ్చి ఉండాలనుకున్నాం. మనం నేర్పని పనికి పిల్లల్ని శిక్షించే హక్కు మనకు లేదు.