కొమ్మూరివారి అభ్యర్థి

ఆదివారం పొద్దున కొమ్మూరి భానుప్రకాష్ గొంతు సవరించుకున్నాడంటే ఇంగ్లండులో చాలా తెలుగిళ్ళలో మిక్సీలు ఆగిపోయేవి. లండన్ శివారు స్టాన్‌మోర్‌లో ఒక చీరల కొట్టు మీద, అట్టపెట్టెల మధ్య ఉన్న చిన్న గదే మా తెలుగు రేడియో. వారమంతా ఆయన ఆస్పత్రిలో మత్తు డాక్టరు, ఆదివారం వార్తల డాక్టరు. ఈ రెండో ఉద్యోగానికి జీతం లేదు కానీ, పెళ్ళిళ్ళలో జనం వచ్చి "గొంతు వినగానే గుర్తుపట్టామండీ!" అంటే ఆయన మొహం చూడాలి. అబ్బో, ఆ వెలుగే వేరు.

ఆ చలికాలం అమెరికాలో ప్రైమరీలు మొదలయ్యాయి. అధ్యక్ష పదవికి పోటీ చెయ్యాలంటే ముందు సొంత పార్టీలోనే రాష్ట్రం తర్వాత రాష్ట్రం గెలుచుకుంటూ రావాలి కదా, ఆ పోటీ అన్నమాట. అందులో లీలా హార్పర్ అని ఒకావిడ నిలబడింది. తండ్రి అమెరికావాడు, తల్లి తెలుగామె. తల్లి పుట్టింటిపేరు కొమ్మూరి అని ఎక్కడో ఒక పత్రికలో పడింది. ఇంకేముంది! లండన్‌లో రైళ్ళు ఆగిపోయినా, జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరక్క జనం అల్లాడుతున్నా, గుంటూరులో మిర్చి ధర పడిపోయినా అన్నీ రెండు ముక్కల్లో తేల్చేసి, మిగిలిన సమయమంతా లీలా హార్పర్‌కే. "మా కొమ్మూరివారి ఆడపడుచు కూతురు" అని మైకులోనే అనేశాడు భానుప్రకాష్.

"మనవాళ్ళేనండీ, నేను కనుక్కున్నాను" అన్నాడు తెలుగు సంఘం ప్రెసిడెంటు పాండురంగం. ఎవరిని కనుక్కున్నాడో ఆయనకే తెలియాలి. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుందని మనలో తెలియనిదెవరికి? భానుప్రకాష్‌కీ తెలుసు. తెలిసిన సంగతిని ఆ పూటకి పక్కన పెట్టాడు, అంతే.

ఇంతలో లీలా హార్పర్ పెద్దమ్మ కవెంట్రీలోనే ఉందని బయటపడింది. పేరు శేషమ్మ. అక్కడి ఆస్పత్రిలో ఎన్నో ఏళ్ళు కాన్పులు చేసి రిటైరయిన మిడ్‌వైఫ్. పాండురంగం ఆగుతాడా? అమెరికాలో ఒక దక్షిణాది రాష్ట్రంలో శనివారం పోలింగ్, మర్నాడు పొద్దున మనం హాల్లో టిఫిన్ల సభ పెడదాం, శేషమ్మగారే ముఖ్య అతిథి అని ఆవిడకి ఫోన్ చేసి పిలిచేశాడు కూడా. ఆ సభకి ముందటి ఆదివారం వార్తల్లో భానుప్రకాష్ ఆవిడతో ఫోన్‌లో మాట్లాడాలని ఏర్పాటు.

"నమస్కారం డాక్టరుగారూ" అంది శేషమ్మ. "మా ఆయన పోయాక ఆదివారం నా ఇంట్లో వినపడే తెలుగు మీదొక్కటే బాబూ. మీ గొంతుతో నేనిలా మాట్లాడతాననుకోలేదు."

భానుప్రకాష్ పొంగిపోయాడు. లీల చిన్నతనం అడిగాడు, చెల్లెలు ప్రఫుల్ల అమెరికా ఎలా వెళ్ళిందో అడిగాడు. ఆవిడ చక్కగా, నెమ్మదిగా చెప్పింది. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ఊరుకుంటే ఆయన తెలుగువాడెలా అవుతాడు?

"మీది చెరుకూరిపాలెం అన్నారు కదండీ. మేమూ కొమ్మూరివాళ్ళమే. ఊళ్ళో మీ ఇల్లెక్కడ? రామాలయం బజారా, పెద్ద బజారా? ఏ బజారో తెలిస్తే మనం ఏమవుతామో ఇప్పుడే తేల్చేస్తాను."

"ఊళ్ళో కాదు బాబూ" అంది శేషమ్మ. ఆ గొంతులో దాపరికం లేదు, తొందర కూడా లేదు. "మాది ఊరి బయట పేట. మా నాన్న ఆ పేట బళ్ళోనే మాస్టారు. హరిజనవాడ అని బోర్డుండేది, ఇప్పుడుందో లేదో."

రేడియోలో నిశ్శబ్దం ఎంతసేపున్నా చాలాసేపే. తర్వాత ఆయన "ఆ... సరేనండీ. సమయం మించిపోయింది. నమస్కారం" అన్నాడు.

అద్దం అవతల సౌండ్ మిక్సర్ దగ్గర శశాంక్ కూర్చున్నాడు. స్లౌ ఊళ్ళో ఐటీ ఉద్యోగం, ఆదివారాలు ఇక్కడ చాకిరీ. "సార్, ఇంకా మస్తు టైం ఉన్నది గదా, ఎందుకు కట్ చేసిన్రు?" అన్నాడు.

"పాట వెయ్యి" అన్నాడు భానుప్రకాష్, అటు చూడకుండా. చెవులు కాలిపోతున్నాయి. ఆవిడ చెప్పినదానికి కాదు, తను అడిగినదానికి. పేట అనగానే తన నోరు దానంతటదే మూసుకుపోయినందుకు. ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో ఎవరైనా తన పేరు పలకలేక నవ్వితే రాత్రి నిద్రపట్టని మనిషి ఆయన.

కారు ఎక్కేలోపే పాండురంగం ఫోన్.

"విన్నానండీ. నాకైతే అలాంటి పట్టింపులేం లేవు, మీకు తెలుసుగా. కానీ మన ఆడవాళ్ళు ఏమంటారో చూసుకోవాలి కదా. ఆవిడ గారెలు వండి తెస్తానంది కూడా. మీరు ఓ మాట చెప్పి సర్దెయ్యండి. మీరు చెబితే నొచ్చుకోదు."

నేను చెప్పనండీ అంటే సరిపోయేది. తల తీసెయ్యడు కదా పాండురంగం! ఆ రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి. భానుప్రకాష్ "చూస్తాను" అన్నాడు. ఆ చూస్తానుకి అర్థం ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఆస్పత్రి కార్ పార్కులోంచి శేషమ్మకి ఫోన్ చేశాడు. హాలు దొరకలేదండీ, సభ వాయిదా పడింది, మళ్ళీ చెబుతాం అన్నాడు.

"అయ్యో, దానికేం బాబూ. పప్పు ఇంకా నానబొయ్యలేదు లెండి" అంది ఆవిడ. పైగా "మీరు వేళకి తింటున్నారా? డ్యూటీలో ఉన్నట్టున్నారు" అని కూడా అడిగింది. ఆ మాటకి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా నిజం మాత్రం రాలేదు.

ఆదివారం వచ్చింది. లీలా హార్పర్ ఆ రాష్ట్రం గెలిచింది, అదీ బాగా గెలిచింది. హాలంతా ఇడ్లీల ఆవిరి, పట్టుచీరల రెపరెపలు. వారం కిందట ముడుచుకున్న మొహాలు కూడా ఇప్పుడు "ఎంతైనా మన తెలుగు పిల్ల!" అంటున్నాయి. గెలిచినవాళ్ళ కులం కాసేపు కనపడదు కాబోలు. ఈవేళ వార్తలు ఇక్కణ్ణుంచే లైవ్‌లో చదవండి అని పాండురంగం అప్పటికప్పుడు మైకు తెచ్చి చేతిలో పెట్టాడు. శశాంక్ తీగలు కలిపాడు.

"నమస్కారం. స్టాన్‌మోర్ హాలులో వందలాది తెలుగువారి హర్షధ్వానాల మధ్య..." అని మొదలుపెట్టాడు భానుప్రకాష్. అప్పుడు తట్టింది. ఆవిడ వింటూ ఉంటుంది. ప్రతి ఆదివారం వింటుంది. హాలు దొరకలేదని చెప్పిన గొంతే ఇప్పుడు హాలు పేరు చదివింది. మిగతా వార్త ఎలా పూర్తిచేశాడో ఆయనకే తెలియదు.

"సార్, కవెంట్రీ నుంచి శేషమ్మ ఆంటీ లైన్ల ఉన్నరు. ఇస్తున్న" అన్నాడు శశాంక్. వద్దనేలోపే ఆవిడ గొంతు హాలు స్పీకర్లలోంచి వినపడింది.

"బాబూ, హాలు దొరికినట్టుంది. సంతోషం."

ప్లేట్ల చప్పుడు ఆగిపోయింది. పాండురంగం గోడకున్న గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మా చెల్లెలు ఇంకో ఫోన్‌లో ఉంది. కూతురు గెలిచిన వార్త తెలుగులో వినాలని రాత్రంతా మేలుకుని కూర్చుంది. దాన్ని కలిపే ముందు ఒక్క మాట. మీ సంగతి దానికి చెప్పలేదు. నాకు మోకాళ్ళ నొప్పులు, అందుకే సభకి వెళ్ళలేదని ఇందాకే చెప్పాను. దాని సంతోషం ఈ పూట పాడుచెయ్యొద్దు. కలుపుతున్నాను, చదవండి."

భానుప్రకాష్ చదివాడు. ఎన్ని ఓట్లు, ఎంత ఆధిక్యం, తర్వాత ఏ రాష్ట్రం, అన్నీ మొదటినుంచీ మళ్ళీ చదివాడు. అవతల అమెరికాలో ఒక ముసలి తల్లి ముక్కు చీదుకోవడం హాలంతా వినపడింది.

"చాలా సంతోషం డాక్టరుగారూ" అంది ప్రఫుల్ల. "మీ సంఘం వాళ్ళు అంత ప్రేమగా పిలిచారని అక్క పొంగిపోతూ చెప్పింది. మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయింది పాపం. మీరేమీ అనుకోకండి. మా అక్కని క్షమించండి."

హాల్లో ఒక్కరూ తలెత్తలేదు. ఇప్పుడైనా చెప్పొచ్చు. కానీ చెబితే ఆ అక్క తన పరువు పక్కన పెట్టి కాపాడిన సంతోషం చెల్లెలికి దక్కదు. చెప్పకపోతే, ఇదిగో, ఈ క్షమాపణ తను పుచ్చుకోవాలి. భానుప్రకాష్ మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"పరవాలేదమ్మా" అన్నాడు.